నీట్ ర్యాంకు నుంచి ఎంబీబీఎస్ సీటు దాకా: మా గిరిజన పిల్లల అడ్మిషన్లలో నా అనుభవం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీలో ఆడపిల్లల గురుకుల జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. 2025లో నీట్ రాసిన మా కోయ, లంబాడా పిల్లల కాగితాల పనంతా నా మీద పడింది. దరఖాస్తు నింపడం దగ్గర్నుంచి మెడికల్ కాలేజీ ఆఫీసులో ఒరిజినల్స్ అప్పజెప్పేదాకా వెంట ఉన్నాను. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. అదే ఏడాది మా కొత్తగూడెంలో, పక్కన మహబూబాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, 2024లో ములుగులోనూ వచ్చింది. సీట్లున్నాయి. ర్యాంకు తెచ్చుకునే పిల్లలూ ఉన్నారు. ఆ రెండింటి మధ్య ఒక మీసేవ కాగితం, ఒక ఓటీపీ, రాత్రికి రాత్రి కట్టాల్సిన 12,000 రూపాయలు ఉంటాయి. మా పిల్లలు జారిపోయేది అక్కడే. కోచింగ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఈ మిగతా దాని గురించే రాస్తున్నాను.

నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. 2025 నీట్ దరఖాస్తులు ఫిబ్రవరి 7న తెరిచి మార్చి 7న మూసేశారు. మేం డిసెంబరులోనే పిల్లల ఆధార్ కార్డులు, పదో తరగతి మెమోలు పక్కపక్కన పెట్టి చూశాం. చాలామందికి ఏదో ఒకటి కలవలేదు. ఊళ్లలో ఆధార్ తీసిన రోజుల్లో పుట్టిన తేదీ చెప్పలేకపోతే జనవరి 1 అని వేసేశారు. మెమోలో మాత్రం స్కూల్లో చేర్చినప్పుడు టీచర్ రాసిన తేదీ ఉంటుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం. తండ్రి పేరైతే ఒకచోట అసలు పేరు, ఇంకోచోట ఊళ్లో పిలిచే పేరు. మెమోను కదిపితే ఎస్సెస్సీ బోర్డు దాకా వెళ్లాలి, నెలలు పడుతుంది. అందుకని మెమోనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిచేయించాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మారుస్తారు, పేరు రెండుసార్లు. ఆపరేటర్ కొట్టిన అక్షరాలను స్క్రీన్ మీద పిల్ల కళ్లతో చూశాకే వేలిముద్ర వేయించండి.

కుల ధ్రువపత్రం సంగతి. చాలా ఇళ్లలో పెట్టె అడుగున చేతిరాత సర్టిఫికెట్ ఉంటుంది, దానికి గుండ్రటి సీలు కూడా ఉంటుంది. అది ఇప్పుడు నడవదు. కులం, స్థానికత, పుట్టిన తేదీ మూడూ కలిపి ఇచ్చే మీసేవ సర్టిఫికెట్, దాని మీద నంబరుతో సహా కావాలి. రేషన్ కార్డు, ఆధార్, మెమో, బోనఫైడ్, తండ్రిదో అన్నదో తీసిన కుల సర్టిఫికెట్ జతచేసి పెట్టాం. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ చేసి రాశాకే పైకి కదులుతుంది. 30 రోజుల గడువు అంటారు. ఎన్నికలో, ధాన్యం కొనుగోళ్లో వస్తే ఆ గడువును ఎవరూ పట్టించుకోరు. తోబుట్టువుకు ఇంతకుముందే మీసేవలో తీసి ఉంటే దాని జిరాక్స్ పెట్టండి, విచారణ సగం తేలికవుతుంది. కొండరెడ్డి, తోటి లాంటి కొన్ని తెగలకు తహసీల్దార్ సంతకం సరిపోదు, ఆర్డీవో ఇవ్వాలి. ఆ పిల్లలకు ఇంకో నెల ముందే మొదలుపెట్టాలి.

మా దగ్గర చదివే ఎస్సీ పిల్లలకు 2025లో ఇంకో మెలిక పడింది. ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతాన్ని గ్రూప్-1కి 1, గ్రూప్-2కి 9, గ్రూప్-3కి 5గా విడగొట్టారు. పాత సర్టిఫికెట్లో గ్రూపు ఉండదు కాబట్టి కొత్తది తీయించుకోవాల్సి వచ్చింది. నీట్ రాసి ఊపిరి పీల్చుకుందాం అనుకునే సమయంలో మళ్లీ మీసేవ లైను.

ఇక ఎంత తిరిగినా పని కానిది గుత్తికోయ పిల్లల విషయం. వాళ్ల కుటుంబాలు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చాయి. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదన్న నిబంధన దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివి, మా పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చున్న అమ్మాయికి కులం కాలమ్‌లో ఏం పెట్టాలో నాకే తెలియలేదు. ఓపెన్‌లోనే దరఖాస్తు పెట్టించాం. అదే మార్కులకు పక్క అమ్మాయికి సీటు వస్తుందని, తనకు రాదని ఆ పిల్లకు మొదటి రోజు నుంచీ తెలుసు.

స్థానికత గురించి భద్రాచలం చుట్టుపక్కల వాళ్లకు గట్టిగా చెప్పాలి. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం మెడికల్ సీట్లకు లోకల్ కావాలంటే 9, 10 తరగతులు, ఇంటర్ రెండేళ్లు, ఈ నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఇక్కడే పాసై ఉండాలి. మనవైపు నుంచి విజయవాడ దగ్గర. బాగా చదివే పిల్లని అప్పు చేసైనా అక్కడి కార్పొరేట్ కాలేజీలో ఇంటర్‌కి వేస్తే భవిష్యత్తు బాగుంటుందని తల్లిదండ్రుల ఆశ. ఆ ఇంటర్ వల్లే సొంత రాష్ట్రంలో నాన్ లోకల్ అయిపోతుంది. 2014లో భద్రాచలం చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రలో కలిశాక ఇల్లు ఎటపాకలో, బడి భద్రాచలంలో ఉన్న పిల్లలూ ఉన్నారు. వాళ్లకు చదువు ఇటు, కుల సర్టిఫికెట్ అటు. అలాంటివాళ్లు కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్‌కు ముందే, రాష్ట్రంలో మెడికల్ సీట్లు కేటాయించే కాళోజీ యూనివర్సిటీకి రాతపూర్వకంగా రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తెచ్చుకోవాలి. ఫోన్లో ఎవరో సరే అన్నారని ఊరుకుంటే చివర్లో దిక్కు ఉండదు.

స్టడీ సర్టిఫికెట్లు 9 నుంచి ఇంటర్ దాకా తప్పనిసరి. మేం 6 నుంచే తీయించాం. ఆశ్రమ పాఠశాలలు మారుతూ చదివిన పిల్లలకు ఒక్కో సర్టిఫికెట్ ఒక్కో మండలంలో ఉంటుంది. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చదివిందో తేదీలతో రాయించాలి. మధ్యలో ఒక్క సంవత్సరం ఖాళీ కనిపించినా వెరిఫికేషన్లో ప్రశ్న వస్తుంది.

2025లో నీట్ దరఖాస్తుకు ఎస్టీ, ఎస్సీలకు ఫీజు 1,000 రూపాయలు. డబ్బు కన్నా ఫోన్ నంబరు పెద్ద సమస్య. పిల్లలు హాస్టల్లో, వాళ్లకు ఫోన్ ఉండదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్న జేబులో, ఆయన పోడు చేనులో, అక్కడ సిగ్నల్ ఉండదు. ఓటీపీ ఐదు పది నిమిషాల్లో చచ్చిపోతుంది. కొన్ని ఇళ్లలో రీఛార్జి అయిపోయి నంబరే వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఒక పిల్లకు ఏ నంబరు ఇస్తున్నామో ఆ సిమ్ మార్చి నుంచి అక్టోబరు దాకా బతికి ఉండాలి, పని జరిగేచోట ఉండాలి. పాత బటన్ ఫోన్లు కొన్ని సంపాదించి, పిల్లల పేరు మీద సిమ్‌లు తీయించి, ఫోన్ వెనక పేరు రాసి స్టిక్కర్లు అంటించి నా బీరువాలో పెట్టాను. ఈమెయిల్ పాస్‌వర్డ్, దరఖాస్తు నంబరు, నీట్ నిర్వహించే ఎన్‌టీఏ సైటు పాస్‌వర్డ్ మూడూ ఒక నోట్‌బుక్‌లో పిల్ల చేతే రాయించాను. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఐడీతో దరఖాస్తు పెడితే జూలైలో ఆ షాపు వెంట తిరగాల్సి వస్తుంది.

ఫోటో వెనక తెల్లగా ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి. పాస్‌పోర్ట్ సైజు, పోస్ట్‌కార్డు సైజు రెండూ ఒకేరోజు తీయించి, పాస్‌పోర్ట్ కాపీలు ఎక్కువగా కొట్టించండి. కౌన్సెలింగ్‌లోనూ అదే ఫోటో అడుగుతారు. రెండు చేతుల వేలిముద్రలూ తెల్లకాగితం మీద వేసి స్కాన్ చేయాలి. సిరా ఎక్కువైతే ముద్ద కడుతుంది.

భాష దగ్గర తెలుగు పెట్టుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఇస్తారు. అయితే తెలుగు రాష్ట్రాల సెంటర్లలోనే. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే లెక్క. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు నేను తెలుగే పెట్టించాను, ఇంగ్లిష్ పక్కనే ఉంటుంది కాబట్టి పోయేదేమీ లేదు.

పరీక్ష మే 4, ఆదివారం, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. 1:30కి గేటు మూస్తారు. మన్యం ఊళ్ల నుంచి ఆ ఉదయమే బయల్దేరడం జూదమే, అందుకని ముందురోజే తీసుకెళ్లి పరీక్ష ఊళ్లో ఉన్న హాస్టల్లో పడుకోబెట్టాం. పొడుగు చేతులు, బూట్లు వద్దని అందరికీ తెలుసు. ముక్కుపుల్లల సంగతే ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు వేసి బిగించేసినవి, ఏళ్లుగా తీయనివి. ముందురాత్రి హాస్టల్ బాత్రూమ్ దగ్గర ఒక అమ్మాయి ముక్కుకి సబ్బు నురగ రాసి, వార్డెనమ్మ వెనక నుంచి మర తిప్పుతుంటే ఆ పిల్ల కళ్లవెంట నీళ్లు. చివరికి ఊడొచ్చింది. దాన్ని గేటు దగ్గర, ఫ్రిస్కింగ్ చేసేవాళ్ల ముందు చేయాల్సొస్తే ఆ మూడు గంటల పరీక్ష అక్కడే పోయేది. కాళ్లకు పట్టీలు, మెడలో నల్లదారం, జడకు ఇనప క్లిప్పులు కూడా ముందురోజే తీయించండి.

2025 పేపర్లో ఫిజిక్స్ దెబ్బ కొట్టింది. బయటికొచ్చిన పిల్లలు ఒక్కరూ మాట్లాడలేదు. బస్సెక్కాక ఒకమ్మాయి "మేడం, నేను డిగ్రీలో చేరిపోతా" అంది. ఆ రోజు ఎవరి మార్కులూ లెక్కపెట్టనివ్వలేదు. అందరికీ కష్టంగా వచ్చిందని జూన్ 14న ఫలితాలొచ్చాకే తేలింది. దేశంలో టాపర్‌కు 686. 2024లో 720కి 720 వచ్చినవాళ్లు డజనుకు పైగా ఉన్నారు. జనరల్ అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది, ఎస్టీ, ఎస్సీ, ఓబీసీలకు 127 నుంచి 113కి. అంటే పోయినేడాది 'ఇన్ని మార్కులకు సీటొచ్చింది' అన్న లెక్క దేనికీ పనికిరాదు. చూడాల్సింది ర్యాంకు. యూనివర్సిటీ పోయినేడాది పెట్టిన అలాట్‌మెంట్ జాబితాల్లో ఎస్టీ, మహిళ, లోకల్ కింద ప్రతి కాలేజీలో ఆఖరి ర్యాంకు ఎంతో రాసుకుని పట్టిక చేశాను. ఆ ఒక్క కాగితం తర్వాత వెబ్ ఆప్షన్లదాకా, అంటే కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టేదాకా, పనికొచ్చింది.

క్వాలిఫై అయినంత మాత్రాన సీటు రాదు. ఈ మాట తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పడం నాకు అన్నింటికన్నా కష్టమైంది. 113 దాటిన ప్రతి పిల్లకూ ఫోన్లో 'క్వాలిఫైడ్' అని కనిపించింది. ఊళ్లో డాక్టరైపోయిందనుకున్నారు. ఒక తండ్రి స్వీట్లు పట్టుకుని కాలేజీకొచ్చాడు. "సీటు ఎక్కడొచ్చింది మేడం?" అన్నాడు. ఆ ర్యాంకుకు ఎక్కడా రాదని చెప్పాలి. పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఇలాంటి మాట ఫలితాల ముందే చెప్పి ఉంచాలి, డబ్బా తెరిచాక కాదు.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం జూలై మధ్యలో కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ తెరిచింది, పది రోజులు మాత్రమే. ఎస్టీ, ఎస్సీలకు ఫీజు 3,200. ఆదాయ సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది కాబట్టి దాన్ని జూన్‌లో తీయించాం, డిసెంబరులో కాదు. అప్‌లోడ్ చేసేటప్పుడు జిరాక్స్‌ను స్కాన్ చేయకండి, ఒరిజినల్‌నే చేయండి. జిరాక్స్ స్కాన్ సైజు తగ్గించేసరికి మీసేవ నంబరు చదవడానికి రాదు, అభ్యంతరం పడుతుంది. తాత్కాలిక మెరిట్ జాబితా పెట్టినరోజే పేరు పక్కన కేటగిరీ, లోకల్ అని ఉందో లేదో చూడాలి. మా పిల్లల్లో ఒకరికి కేటగిరీ ఓసీ అని పడింది. అభ్యంతరాలకు ఇచ్చిన గడువులోపు సర్టిఫికెట్ మళ్లీ పంపితే సరిచేశారు. చూడకపోయి ఉంటే ఆ అమ్మాయికి ఎస్టీ సీటు ఉండేది కాదు, ఎందుకు పోయిందో కూడా తెలిసేది కాదు.

అదే సమయంలో ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) ఆలిండియా కోటా కౌన్సెలింగ్ కూడా నడుస్తుంది. ప్రతి రాష్ట్రంలో ప్రభుత్వ సీట్లలో 15 శాతం, ఎయిమ్స్ సీట్లు అందులో ఉంటాయి, ఎస్టీలకు 7.5 శాతం. రిజిస్ట్రేషన్ 500, డిపాజిట్ 5,000. మంచి ర్యాంకున్న ఇద్దరికి పెట్టించాను. మొదటి రౌండ్‌లో వచ్చినదానిలో చేరకపోయినా ఏమీ పోదు. రెండో రౌండ్‌లో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్‌లో చేరితే ఇక వేరే కౌన్సెలింగ్‌కు దారి మూసుకుపోతుంది. ఇది పిల్లకు, తండ్రికి ఇద్దరికీ అర్థమయ్యేదాకా చెప్పి, ఆ తర్వాతే ఆప్షన్లు పెట్టించండి.

ఆగస్టు మొత్తం ఎదురుచూపే. జీవో 33 స్థానికత నిబంధన మీద కేసు సుప్రీంకోర్టులో ఉంది, రాష్ట్రంలో ఆప్షన్లు తెరవలేదు. సెప్టెంబరు 1న తెలంగాణ నిబంధనలను సమర్థిస్తూ తీర్పొచ్చింది. ఈ నెలన్నరలో పిల్లలు మానసికంగా కుంగిపోతారు. తోటివాళ్లు డిగ్రీల్లో, నర్సింగ్‌లో చేరిపోయి ఫోటోలు పెడుతుంటారు. ఇంట్లో 'ఊరికే కూర్చుంది' అంటారు. అందులో అసలు ప్రమాదం డిగ్రీ కాలేజీలో టీసీ ఇచ్చేయడం. ఒకసారి ఒరిజినల్ టీసీ అక్కడికి వెళ్లిందంటే, సెప్టెంబరులో మూడు రోజుల గడువులో తిరిగి తెచ్చుకోవాలి. మా దగ్గర ఒకమ్మాయి చేరిన ప్రైవేటు డిగ్రీ కాలేజీ మొత్తం ఫీజు కడితేనే ఇస్తామంది. చివరికి బతిమాలి కొంత కట్టి తెచ్చుకున్నాం. ర్యాంకు అంచులో ఉన్న పిల్లను తీర్పు వచ్చేదాకా ఇంట్లో ఉంచడానికి తల్లిదండ్రుల్ని ఒప్పించండి. అంతగా చేర్పించాల్సొస్తే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేర్పించండి, అక్కడ కాగితాలు వెనక్కి తెచ్చుకోవడం తేలిక.

సెప్టెంబరులో వెబ్ ఆప్షన్లు. ఇక్కడ తల్లిదండ్రులతో వాదన తప్పదు. కొత్తగూడెం, ఖమ్మం, మహబూబాబాద్, ములుగు పెడితే చాలు, అంతకన్నా దూరం వద్దంటారు. పెట్టని కాలేజీ రాదు. ఆ నాలుగింట్లో ర్యాంకు అందకపోతే ఆ రౌండ్‌లో ఏమీ రానట్టే. పైనుంచి ఇష్టమైన వరుసలో పెట్టి, కింద రాష్ట్రంలో ఉన్న ప్రభుత్వ కాలేజీలన్నీ, గద్వాల, నారాయణపేటతో సహా, చివర్లో ప్రైవేటు కాలేజీల్లో 'ఏ' కేటగిరీ (కన్వీనర్ కోటా) పెట్టించాను. అప్పుడు ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఏడాదికి 10,000, ప్రైవేటు 'ఏ' కేటగిరీలో 60,000. 'బీ' కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు ఏడాదికి 11 లక్షల పైమాట. అది పొరపాటున కూడా ముట్టుకోవద్దు. రెండో విడతలో పైన పెట్టిన కాలేజీ వస్తే మొదటి సీటు దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. కాబట్టి రెండో విడతలో నిజంగా వెళ్లాలనుకున్నవే పైన ఉంచాలి.

అలాట్‌మెంట్ రాత్రి పొద్దుపోయాక వచ్చింది. అలాట్‌మెంట్ ఆర్డర్ డౌన్‌లోడ్ కావాలంటే యూనివర్సిటీ ఫీజు 12,000 ఆన్‌లైన్‌లో కట్టాలి. రోజుకూలీ ఇంట్లో అకౌంట్లో అంత డబ్బు ఉండదు, ఉన్నా జన్‌ధన్ ఖాతాకు నెట్ బ్యాంకింగ్ ఉండదు. మా స్టాఫ్ తలా కొంత వేసి ముందే ఒక అకౌంట్లో ఉంచాం, కార్డు లిమిట్ పెంచి పెట్టాం. పేమెంట్ మధ్యలో ఆగి డబ్బు కట్టయితే వెంటనే మళ్లీ కట్టకండి. కాసేపాగి స్టేటస్ చూడండి. ఒకరికి రెండుసార్లు కట్టయింది, రెండోది తిరిగి రావడానికి వారం పైన పట్టింది. ఆ వారం ఇంకో పిల్లకు కట్టాల్సిన డబ్బు అది.

కాలేజీలో చేరేరోజు ఒరిజినల్స్ అన్నీ తీసేసుకుంటారు. నీట్ అడ్మిట్ కార్డు, ర్యాంక్ కార్డు, పది, ఇంటర్ మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం, అలాట్‌మెంట్ ఆర్డర్. వీటికి ముందే నాలుగైదు సెట్లు జిరాక్స్ తీసి, ఫోన్లో రంగు స్కాన్ దాచుకోండి. తర్వాత ఈపాస్‌కు (ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైటు), బ్యాంకుకు, హాస్టల్‌కు అన్నింటికీ ఇవే అడుగుతారు, ఒరిజినల్స్ మీ చేతిలో ఉండవు. లాంగ్‌టర్మ్ (ఇంటర్ అయ్యాక ఏడాదిపాటు నీట్ కోచింగ్) చేసిన పిల్లలకు ఆ ఏడాది ఎక్కడున్నారో గ్యాప్ అఫిడవిట్ నోటరీ చేయించాలి. చదువు మధ్యలో మానేయబోమని బాండ్ రాయాలి, తల్లిదండ్రులు, జామీనుదారులు సంతకాలు పెట్టాలి. జామీను అంటే ఊళ్లో జనం భయపడతారు. ఎవరు సంతకం పెడతారో ముందే అడిగి, వాళ్ల ఆధార్ జిరాక్సులతో సహా వెంట తీసుకెళ్లండి. బాండ్ పేపరు కూడా ఇక్కడే కొనుక్కోండి. కాలేజీ గేటు ముందు స్టాంప్ వెండర్లు ఆ రోజు ఎంత చెబితే అంత.

ప్రైవేటు కాలేజీలో 'ఏ' కేటగిరీ సీటు వచ్చిన అమ్మాయికి ఇబ్బంది వేరే రకం. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది కదా అంటే, అది వచ్చినప్పుడు తిరిగిస్తాం, ముందు 60,000 కట్టండి అన్నారు. దానిపైన స్పెషల్ ఫీజులు, యూనిఫాం, ల్యాబ్ అని ఇంకో చిట్టా. అలాట్‌మెంట్ ఆర్డర్‌లో ట్యూషన్ ఫీజు ఎంతని ఉందో అంతకే రసీదు అడగండి. మిగతా వాటికి విడిగా రసీదు రాయించండి. రసీదు ఇవ్వబోమంటే యూనివర్సిటీకి మెయిల్ పెడతామని అక్కడే, మర్యాదగానే చెప్పండి. మేం అలా అన్నాక చిట్టా కొంచెం పొట్టిదైంది.

ప్రభుత్వ కాలేజీలో చేరిన పిల్లకు మొదటి నెలలో అయ్యే ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. యూనివర్సిటీ ఫీజు, ట్యూషన్, కాషన్ డిపాజిట్, హాస్టల్ అడ్వాన్స్, మొదటి నెల మెస్ పోను, రెండు తెల్ల ఏప్రన్లు, డిసెక్షన్ కిట్, పుస్తకాలు, పరుపు, బకెట్టు, ఒక స్మార్ట్‌ఫోన్. ఫోన్ విలాసం కాదు, నోటీసులన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే వస్తాయి. పుస్తకాలు, ఎముకల సెట్టు సీనియర్ల దగ్గర సగం ధరకే దొరుకుతాయి, మొదటివారంలో కొత్తవి కొనకండి. కొత్త జిల్లా కాలేజీల్లో హాస్టల్ అద్దె భవనంలో, కాలేజీకి దూరంగా ఉండొచ్చు. ఆటో ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఈపాస్ దరఖాస్తు కాలేజీలో చేరిన వెంటనే పెట్టాలి. బ్యాంకు ఖాతా పిల్ల పేరు మీదే ఉండాలి, ఆధార్ లింకై ఉండాలి. ఆ తర్వాత మీసేవలో వేలిముద్ర వేసి, ఆ కాగితం కాలేజీలో ఇవ్వాలి. పొలం పని చేసిన చేతులకు వేలిముద్ర పడదు, కంటిపాప స్కాన్ ఉన్న సెంటర్ వెతుక్కోండి. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. డబ్బు మాత్రం ఆలస్యంగానే వస్తుంది, అది వచ్చేదాకా ఏడాది గడపగలిగే ఏర్పాటు చేసుకోవాలి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి దరఖాస్తు పెట్టడం, పూర్వ విద్యార్థుల్ని అడగడం మాకు కొంత పనిచేసింది.

మొదటి రెండు నెలలు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. పాఠాలు ఇంగ్లిష్‌లో వేగంగా పోతున్నాయని, డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్‌కు కళ్లు మండుతున్నాయని, రూమ్‌మేట్లు ర్యాంకు అడిగి ఒక చూపు చూశారని. ఆ చూపు గురించి చెప్పినప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది. నేను తనకు చెప్పింది ఒక్కటే. థియరీలో 75, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, కాబట్టి ఏమైనా క్లాసు మానొద్దు. మొదటి సంవత్సరం పరీక్షకు నాలుగే అవకాశాలు, నాలుగేళ్లలోపు. ఒక్క సబ్జెక్టు పోయినా సీటు పోయినట్టు కాదు, సప్లిమెంటరీ ఉంటుంది. ఈ సంగతి తెలియక, ఇంటర్నల్‌లో మార్కులు తగ్గగానే మూటాముల్లె సర్దుకొచ్చేసిన పిల్లలున్నారు. కాలేజీలో అదే ప్రాంతపు సీనియర్ ఒక్కరి నంబరైనా చేరినరోజే ఇప్పించండి.

సీటు రానివాళ్లకు, మిగిలిన సీట్ల కోసం జరిగే ఆఖరి స్ట్రే రౌండ్ దాకా ఆప్షన్లు పెడుతూనే ఉండాలి. ఎస్టీ సీటు మిగిలితే ముందు ఎస్సీకి, ఎస్సీది మిగిలితే ఎస్టీకి వెళ్తుంది, ఆ తర్వాతే ఓపెన్‌కు. అప్పటికి విసిగిపోయి లాగిన్ కూడా తెరవనివాళ్ల సీటు తక్కువ ర్యాంకుకు పోతుంది. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో కూడా నీట్ ర్యాంకు మీదే, ఆయుష్‌కు నోటిఫికేషన్ విడిగా వస్తుంది, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయాలి. లాంగ్‌టర్మ్‌కు వెళ్లాలా వద్దా అన్నది మార్కుల్ని బట్టి కాక ఫిజిక్స్‌ను బట్టి తేల్చుకున్నాం. బయాలజీలో 300 దాటి ఫిజిక్స్ దగ్గర ఆగినవాళ్లను పంపించాం. మిగతావాళ్లలో ఇద్దరు బీఎస్సీ నర్సింగ్‌లో చేరారు. వాళ్ల ఈపాస్ ఫారాలు కూడా ఇదే ఫైల్లో ఉన్నాయి, వేలిముద్రలు ఇంకా పడాల్సి ఉంది.